అడవి బాటకు అడ్డంగా కూర్చున్నారు

బదరీనాథ్ యాత్రకు మన వైపు నుంచి కూడా చాలామంది పోతారు. దారిలో చమోలీ అనే ఊరు వస్తుంది. దానికి దగ్గర్లోనే కొండ మీద గోపేశ్వర్ అనే చిన్న పట్నం ఉంది. ఇప్పుడది ఉత్తరాఖండ్ రాష్ట్రంలో ఉంది.

ఆ కొండల్లో ఆడవాళ్ల పని మన పనిలాంటిదే. పొయ్యిలోకి పుల్లలు తేవాలి. గొడ్లకు మేత తేవాలి. నీళ్లు మోయాలి. అన్నిటికీ అడవి బాట పట్టాల్సిందే. అడవి తరిగేకొద్దీ ఆ బాట పొడుగవుతుంది.

1964లో గోపేశ్వర్‌లో చండీప్రసాద్ భట్, ఆయన స్నేహితులు కలిసి ఒక సంఘం పెట్టారు. 1970లో అలకనంద నదికి పెద్ద వరద వచ్చింది. ఇళ్లు, పొలాలు, వంతెనలు కొట్టుకుపోయాయి. పైన కొండల మీద చెట్లు నరికేశారు, అందుకే నీళ్లూ మట్టీ ఒక్కసారిగా కిందికి దిగాయని సంఘంవాళ్లకు అర్థమైంది.

1973లో సంఘం నాగళ్లు, కాడులు చేయడానికి కొన్ని చెట్లు అడిగింది. అటవీశాఖ ఇవ్వలేదు. ఆట సామాన్ల కంపెనీకి మాత్రం ఇచ్చింది! జనం డప్పులు కొట్టుకుంటూ అడవికి పోయారు. నరకడానికి వస్తే చెట్టును కావలించుకుంటాం అన్నారు. కంపెనీవాళ్లు ఉత్త చేతులతో వెనక్కి పోయారు. హిందీలో 'చిప్కో' అంటే అతుక్కోమని. ఈ పోరాటానికి ఆ పేరే వచ్చింది.

1974 మార్చి 26న రేణి గ్రామంలో మగవాళ్లు లేరు. భూమి నష్టపరిహారం ఇస్తామంటే చమోలీ పోయారు. అదే అదను చూసి కంట్రాక్టరు కూలీలు గొడ్డళ్లతో వచ్చారు. ఒక పిల్ల చూసి, పరుగున పోయి గౌరాదేవికి చెప్పింది. ఆమె మహిళా సంఘం పెద్ద. బడికి పోయిన మనిషి కాదు. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఆమె ఆడవాళ్లను, ఆడపిల్లలను కూడగట్టి 27 మంది దాకా బాట మీదికి తీసుకుపోయింది. ఒకడు తుపాకీ చూపించాడు. ఆమె కదల్లేదు. ఈ అడవి మా పుట్టిల్లు, నరకనివ్వం అంది. రాత్రంతా కాపలా కూర్చున్నారు. కూలీలు దిగిపోయారు. తర్వాత ప్రభుత్వం ఒక కమిటీ వేసి, ఆ ప్రాంతంలో పదేళ్లపాటు నరకడం ఆపింది.

అడ్డుకోవడం ఒక్క రోజు పని. పెంచడం ఏళ్ల పని. గోపేశ్వర్ సంఘం ఊరూరా శ్రమదాన శిబిరాలు పెట్టింది. బోడి కొండల మీద మొక్కలు నాటారు. గొడ్లు తినకుండా రాళ్లతో గోడలు కట్టారు. రోజూ అడవికి పోయే ఆడవాళ్లకే ఆ మొక్కల అవసరం ఎక్కువ. అందుకే కనిపెట్టుకుని ఉన్నదీ వాళ్లే.

1980లో డుంగ్రీ పైంతోలీ అనే ఊళ్లో ఇంకో చిక్కు వచ్చింది. అడవి తీసి ఆలుగడ్డ విత్తనాల తోట వేస్తామన్నారు. రోడ్డు, కరెంటు, ఆస్పత్రి వస్తాయని ఊరి మగవాళ్లు ఒప్పుకున్నారు. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఆస్పత్రి వాళ్లకు అక్కర్లేదా? కావాలి. కానీ అడవి పోతే మోపు కోసం మైళ్లు నడవాల్సింది వాళ్లే. సంతకం పెట్టినవాళ్లు కాదు. సొంత ఇంటివాళ్లకే ఎదురు చెప్పడం తుపాకీకి ఎదురు నిలవడం కన్నా కష్టమేమో! అయినా నిలిచారు. అడవి నిలిచింది.

మాట్లాడుకోండి, రాయండి:

పుల్లలకో మేతకో మీ అమ్మ ఎంత దూరం పోయేది? మీరు ఎంత దూరం పోతున్నారు?

మీ ఊరి బంజరు ఎన్ని ఎకరాలు? రికార్డులో ఎలా రాసి ఉంది? నలుగురూ కలిసి తహసీల్దారు ఆఫీసులో అడగండి. మీ చేత్తోనే ఇక్కడ రాసుకోండి: ..................