ఉద్దానంలో ఒంటి బాధలకు స్కోరు వేసేవారికి

పలాస, టెక్కలి, వజ్రపుకొత్తూరు వైపు పనిచేసే ఏఎన్‌ఎంలు, సీహెచ్‌వోలు, కౌన్సెలర్లకు ఒక మాట. పీహెచ్‌క్యూ-15 లాంటి ప్రశ్నావళి చేతికిచ్చినప్పుడు మార్కులు కూడే ముందు అది ఏమడుగుతోందో చదవండి.

2002లో వెలువడిన ఈ ప్రశ్నావళి గడిచిన 4 వారాల్లో 15 రకాల బాధలు ఎంత ఇబ్బంది పెట్టాయో అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. మొత్తం 5కు చేరితే స్వల్పం, 10 అయితే మధ్యస్థం, 15 అయితే తీవ్రం. నెలసరి ప్రశ్న ఆడవాళ్లకే కనుక మగవాళ్లకు గరిష్ఠం 28.

నీరసం, వికారం, ఆయాసం, నిద్ర పట్టకపోవడం ఆ 15లో ఉన్నాయి. కిడ్నీ జబ్బు ముదిరినా కనిపించేవి ఇవే. కారణం నేటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఇంటింటినీ భయపెడుతున్న ఉద్దానంలో, 16 వచ్చిన మనిషిని టెన్షన్ అని తేల్చి పంపడం ప్రమాదం. ఆ అంకె బాధ ఎంతుందో చెబుతుంది, ఎందుకుందో చెప్పదు. తక్కువ వచ్చినా ధీమా వద్దు. తొలిదశలో ఈ జబ్బుకు లక్షణాలే ఉండకపోవచ్చు. బీపీ, సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడాల్సిందే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, అక్కడికి పంపండి.

పరీక్షలు బాగున్నాయని 'నీకేం లేదమ్మా' అనేయడమూ తప్పే. ఇంట్లో ఒకరు డయాలసిస్‌కు వెళ్తుంటే మిగతావాళ్లకు ప్రతి నడుంనొప్పీ భయమే. ఆ నొప్పి నిజం, ఆ భయమూ నిజం. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే 2013 నాటి డీఎస్ఎం-5 పుస్తకం కూడా ఒంటి బాధల రుగ్మతను నిర్ధారించడానికి శారీరక కారణం దొరక్కపోవడాన్ని షరతుగా పెట్టలేదు.

పని కూడా అడగండి. జీడి పరిశ్రమలో రోజంతా కూర్చుని పనిచేసే ఆడవాళ్లకు నడుం, కీళ్ల ప్రశ్నల్లోనే మార్కులు వచ్చేస్తాయి. ఆ నొప్పికి దుకాణంలో కొన్న బిళ్లలు వేసుకుంటుంటారు. వాటిలో చాలా రకాలు కిడ్నీలకు చేటు.

సంసార జీవితం గురించిన ప్రశ్నను అత్తగారి ముందు అడిగితే నిజమైన జవాబు రాదు, విడిగా కూర్చోబెట్టండి. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం బాగా ఉన్నాయంటే మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించండి.

స్కోరు పక్కనే క్రియాటినిన్ ఎంత, పరీక్ష ఎప్పుడు చేయించారు, ఏ నొప్పి బిళ్లలు వాడుతున్నారు అన్న మూడు వివరాలూ తప్పకుండా రాయండి.