సడలిన మోకాళ్లు

చదువవలసిన భాగములు: హెబ్రీ. 12:12–13, అపొ. కా. 3:1–10, ఆది. 32:24–32; హెబ్రీ. 11:21



మన కృత్తివెన్ను ప్రాంతములో మోకాళ్లనొప్పి యెరుగని యిల్లు అరుదు. ఊడ్పులలోను కలుపుతీతలలోను బురదలో నిలిచి, నడుము వంచి, సంసారములు ఈదుకొని వచ్చిన తల్లులు మన సంఘములలో అనేకులు. మా తల్లిగారు అట్టివారిలో ఒకరు. గత వేసవిలో వారి కుడి మోకాలికి విజయవాడలోని ఒక ఆసుపత్రిలో కీలుమార్పిడి జరిగినది. వారి మంచము ప్రక్కన ఆరు దినములు గడిపితిమి. ఎన్నో పర్యాయములు మేము బోధించిన హెబ్రీ పత్రిక పండ్రెండవ అధ్యాయము అక్కడ మాకే బోధ చేసినది.

ఈ చికిత్స యనగా కాలు కోసి ఇనుపకాలు పెట్టుదురని కొందరు భయపడుదురు. అట్లు కాదు. తొడ ఎముక చివరను, దాని క్రింది ఎముక పైభాగమును అరిగిపోయిన మేరకు తీసివేసి, లోహపు తొడుగులు అమర్చి, నడుమ గట్టి ప్లాస్టిక్ బిళ్లను ఉంచుదురు. 1890లో జర్మనీ దేశములో గ్లుక్ అను వైద్యుడు ఏనుగు దంతముతో మోకాటి కీలు చేసి అమర్చెను గాని, చీముపట్టుటచేత ఆ ప్రయత్నము నిలువలేదు. నేటి పద్ధతి 1970వ దశకమునుండి స్థిరపడినది. వాజపేయిగారు ప్రధానమంత్రిగా నుండగానే 2000, 2001 సంవత్సరములలో వారి రెండు మోకాళ్లకు ముంబయిలో ఈ చికిత్స జరిగినది.

1. జాలి యొక్క పొరపాటు

చికిత్స జరిగిన మరునాటి ఉదయమే వ్యాయామము చేయించు అమ్మాయి వచ్చి, "మామ్మగారూ, లేచి నిలబడాలి" అనినది. మా తల్లిగారు రాత్రంతయు నిద్రపోలేదు. మాకు మనస్సు ఒప్పలేదు.

"అమ్మా, ఈ పూటకు వదిలిపెట్టండి" అని మేము అడ్డుపడితిమి.

"పాస్టరుగారూ, నొప్పికి మందు ఇచ్చాము. ఇవాళ లేవకపోతే రేపు ఈ మోకాలు మన మాట వినదు" అని ఆమె నెమ్మదిగా చెప్పినది.

అంతకుముందే మేము ఆమె సుఖముకొరకు దుప్పటి మడిచి మోకాటిక్రింద పెట్టియుంటిమి. నర్సమ్మ దానిని తీసివేసినది. ఎత్తు పెట్టినచో మోకాలు వంగియే బిగిసిపోవును, చాచుట నేర్చుకొనదు. కదలక పండుకొనినచో పిక్కలలో రక్తము గడ్డకట్టి ప్రాణమునకే ముప్పు రావచ్చును. అందుకే పాదము పైకి క్రిందికి ఆడించుట, తొడకండరము బిగించి వదలుట, వాకరు పట్టుకొని నాలుగడుగులు వేయుట మొదటినుండియే చేయింతురు. మోకాలు సుమారు 90 డిగ్రీలు వంగువరకు దినదినము సాధన చేయవలెను.

మా జాలి ఆమెకు మేలు చేయలేదు. హెబ్రీ పత్రికకర్త సడలిన మోకాళ్లను చూచి, విశ్రమించుమని చెప్పక, బలపరచుకొనుమని చెప్పుచున్నాడు. తప్పిపోయిన సహోదరుని, దుఃఖములో క్రుంగిన సహోదరిని, "పాపము, ఉండనిమ్ము" అని విడిచిపెట్టుట ప్రేమ కాదు.

2. లేపు చేయి

లేవుమని చెప్పినది చాలదు. శృంగారమను దేవాలయపు ద్వారమునొద్ద పేతురు యేసు నామమున ఆజ్ఞాపించుటయే గాక, కుంటివాని కుడిచేయి పట్టుకొని లేపెను. అక్కడ చీలమండలు తక్షణమే బలపడెను. మన తల్లులకు వారములు, నెలలు పట్టును. అంతకాలము పట్టుకొను చేయి కావలెను.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టరు మేరీ వర్గీస్‌గారికి 1954లో వాహన ప్రమాదము వలన నడుము దిగువ చచ్చుబడినది. ఇతరులు లేపగా ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండి కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. పిమ్మట అక్కడి పునరావాస వైద్యశాఖకు నాయకురాలై అనేకులను లేపిరి.

3. కర్రమీద ఆనుకొని

నాలుగవనాటి సాయంకాలము మా తల్లిగారు కన్నీరు పెట్టుకొనిరి. "నాయనా, నడక వస్తుందట, సంతోషమే. కాని దేవుని ముందు ఇక మోకరించలేను గదా. నలుబది ఏండ్లు తెల్లవారుజామున ఆ చాపమీదనే ఆయనతో మాట్లాడాను" అనిరి.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఈ చికిత్స అయినవారు నేలమీద బాసింపట్టు వేసికొనుట, గొంతుక్కూర్చొనుట మానవలెనని వైద్యులు చెప్పుదురు. మోకరించుట కొందరికి తరువాత సాధ్యపడినను, అనేకులకు కష్టమే. ఆ రాత్రి హెబ్రీ. 11:21 చదివి వినిపించితిమి. పెనూయేలులో తొడగూడు తప్పి కుంటిన యాకోబు, వృద్ధాప్యములో తన చేతికర్ర మొదటిమీద ఆనుకొని దేవునికి నమస్కరించెను. అవిటితనము ఆయన ఆరాధనను ఆపలేదు. ఆమె చాలసేపు మౌనముగా నుండి, ప్రక్కనున్న వాకరును తడిమి, "అయితే ఇదే నా కర్ర" అనిరి.

సంఘమునకు మాట

హెబ్రీ పత్రికకర్త మోకాళ్లతో ఆగక, కుంటివాని పాదములకు దారి సరిచేయుమని కూడ చెప్పెను. చికిత్సనుండి వచ్చినవారి యింట తడినేల తుడువుడి, కాలికి తగులు చాపలు తీసివేయుడి, ఎత్తైన మరుగుదొడ్డి పీట ఏర్పరచుడి. చూడబోయినవారు "కదలకు" అని చెప్పక, వాకరు ప్రక్కన పది అడుగులు నడువుడి. మందిరములో ముందువరుసను నాలుగు కుర్చీలు వేయుడి. అందు కూర్చుండువారు సిగ్గుపడకుందురు గాక.

ఆలోచించుటకు

1. మన జాలి ఎవరినైన పండుకొనియుండునట్లు చేయుచున్నదా?
2. మన మందిరపు మెట్లు ఎవరికి అడ్డముగా నున్నవి?

ప్రార్థన: ప్రభువా, సడలినవారిని లేపుటకు మా చేతులను, వారితో నెమ్మదిగా నడచుటకు మాకు ఓర్పును దయచేయుము. ఆమేన్.