మోటారు తిరుగుతోంది, మరి బెల్టు?

నాన్న బదిలీలతో మేము ఇప్పటికి మూడు ఊళ్లు మారాం. ఊరు మారింది, బడి మారింది, పక్కింటివాళ్ల భాష మారింది. క్వార్టర్స్ కిటికీలోంచి కనిపించేది మాత్రం మారలేదు. నేల మీద మొదలై ఏటవాలుగా పైకి వెళ్లే పొడవాటి రేకుల గది ఒకటి ప్రతి ఊళ్లోనూ ఉండేది. చిన్నప్పుడు దాన్ని సొరంగం అనుకునేదాన్ని. థర్మల్ విద్యుత్ కేంద్రాల దగ్గర పెరిగిన మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, దాని లోపల నడిచేది బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు. నాన్న పని ఆ బెల్టుల మీద సెన్సార్లు బిగించడం, అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటం.

ఆయన దగ్గర నేర్చుకున్న ఒక్క విషయమే ఈ పాఠం: సెన్సార్ ఎక్కడ బిగించాలి?

ముందు ఒక చిన్న ప్రయోగం చేద్దాం. ఒక చెక్క మీద రెండు మేకులు కొట్టి, రెండు ఖాళీ దారపు రీళ్లు తగిలించండి. వాటి చుట్టూ ఒక రబ్బరు బ్యాండు వేసి ఒక రీలును చేత్తో తిప్పండి. రెండోది కూడా తిరుగుతుంది. ఇప్పుడు బ్యాండును వేళ్లతో గట్టిగా పట్టుకుని మొదటి రీలును మళ్లీ తిప్పండి. అది బ్యాండు కింద జారుతూ తిరుగుతూనే ఉంటుంది. రెండోది ఆగిపోతుంది. బ్యాండును కత్తిరించి చూసినా అంతే.

కన్వేయర్ కూడా ఇలాంటిదే. చాలా బెల్టుల్లో బొగ్గు కింద పడే చివర హెడ్ పుల్లీ ఉంటుంది. మోటారు దాన్నే తిప్పుతుంది. బొగ్గు ఎక్కే చివర ఉండేది టెయిల్ పుల్లీ. దానికి మోటారు ఉండదు, బెల్టు లాగితేనే తిరుగుతుంది. కాబట్టి బెల్టు నడుస్తోందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది టెయిల్ పుల్లీ. హెడ్ పుల్లీని అడిగితే మోటారు సంగతే చెబుతుంది.

ఇంత తేలికైన విషయంలో పెద్దవాళ్లు పొరపాటు పడతారా అని నేను నాన్నని అడిగాను. అప్పుడు ఒక పాత సంగతి చెప్పారు. ఆయన పనిచేసిన ఒక చోట టెయిల్ పుల్లీ దగ్గర ఎప్పుడూ బొగ్గు రాలి కుప్ప పడేది. సెన్సార్ అందులో కూరుకుపోయి, బెల్టు బాగా నడుస్తున్నా ఆపేసేది. విసిగిపోయి ఎవరో దాన్ని తీసుకెళ్లి హెడ్ పుల్లీ దగ్గర బిగించారు. అక్కడ శుభ్రంగా ఉంటుంది, కేబుల్ కూడా దగ్గర. కొన్ని నెలలు ఏ గొడవా లేదు. వానాకాలంలో ఒక రాత్రి తడి బొగ్గు ఎక్కువై బెల్టు నిలిచిపోయింది. హెడ్ పుల్లీ మాత్రం దాని కింద తిరుగుతూనే ఉంది. కంట్రోల్ రూమ్‌లో వేగం నూటికి నూరు చూపిస్తోంది! గ్యాలరీలో నడుస్తున్న ఒక కార్మికుడికి కాలుతున్న రబ్బరు వాసన వచ్చింది. బెల్టు పొడవునా కట్టి ఉండే తాడును, అదే పుల్ కార్డును, లాగేశాడు. బెల్టు ఆగింది. అతను అటు రావడం ఒక పావుగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదని అడిగితే నాన్న మాట్లాడలేదు.

రాపిడి వల్ల ఏమవుతుందో చరిత్రలో ఉంది. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో క్రెస్‌వెల్ బొగ్గు గనిలో 1950 సెప్టెంబరు 26న చిరిగిన బెల్టు ముక్క ఒకటి, ఒక బెల్టు నుంచి మరో బెల్టు మీదికి బొగ్గు పడే చోట ఇరుక్కుంది. ఆ రాపిడి వేడికి రబ్బరు అంటుకుంది. 80 మంది చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి గనుల్లోకి సులభంగా మంట అంటుకోని బెల్టులు వచ్చాయి.

బెల్టు పొడవు పెరిగేకొద్దీ ఒక చివర నిలబడినవారికి రెండో చివర కనపడదు. మేఘాలయ కొండల్లోని సున్నపురాయి గని నుంచి బంగ్లాదేశ్‌లోని ఛాతక్ సిమెంటు కర్మాగారానికి సుమారు 17 కిలోమీటర్ల బెల్టు సరిహద్దు దాటి వెళుతుంది. అంత దూరాన్ని కళ్లతో కాపలా కాయడం ఎవరివల్ల అవుతుంది?

ఇక లెక్క చూద్దాం. హెడ్ పుల్లీ వ్యాసం 0.8 మీటర్లు, నిమిషానికి 60 చుట్లు తిరుగుతోంది. టెయిల్ పుల్లీ వ్యాసం 0.5 మీటర్లు. బెల్టు జారకపోతే రెండు పుల్లీల అంచుల వేగం ఒకటే కావాలి. కాబట్టి టెయిల్ పుల్లీ 60 × 0.8 ÷ 0.5 = 96 చుట్లు తిరగాలి. 72 చుట్లే తిరిగితే? 24 తగ్గాయి. 96లో 24 అంటే 25 శాతం. బెల్టు అంతమేరకు జారుతోందన్నమాట.

చుట్లు లెక్కపెట్టేందుకు టెయిల్ పుల్లీ పక్క భాగం మీద సమాన దూరాల్లో నాలుగు ఇనుప ముక్కలు బిగిస్తారు. వాటికి ఎదురుగా సెన్సార్ ఉంటుంది. దాని లోపలి తీగచుట్ట తన ముందు మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఇనుప ముక్క దగ్గరికి రాగానే ఆ ముక్కలో ఎడ్డీ ప్రవాహాలు పుట్టి తీగచుట్ట శక్తిని కొంత లాగేసుకుంటాయి. ఆ తగ్గుదలే సంకేతం. 96 చుట్లకు నిమిషంలో 384 సంకేతాలు రావాలి. కాంతితో పనిచేసే సెన్సార్ పెట్టొచ్చు కదా అంటారేమో. బొగ్గు దుమ్ములో దాని కన్ను ఒక్క షిఫ్టు కూడా తెరుచుకుని ఉండదు.

బిగించే పనికి ముందు చేయాల్సింది ఉంది. బెల్టును ఖాళీ చేసి, మోటారుకు కరెంటు తీసేసి, ఆ స్విచ్చుకు నాన్న తన సొంత తాళం వేస్తారు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుంది. నలుగురు పనిచేస్తే నాలుగు తాళాలు పడతాయి. ఖాళీ చేయడం ఎందుకంటే, ఏటవాలు బెల్టు మీద బొగ్గు ఉంటే ఆ బరువుకు కరెంటు లేకపోయినా బెల్టు వెనక్కి జారవచ్చు. ఒకరోజు నాన్న తాళంచెవి జేబులో మరిచిపోయి ఇంటికి వచ్చేశారు. మళ్లీ సైకిలెక్కి వెళ్లేదాకా ఆ బెల్టును ఎవరూ నడపలేకపోయారు. అమ్మ నవ్వింది కానీ నాన్న నవ్వలేదు.

ఇనుప ముక్కకూ సెన్సార్‌కూ మధ్య ఖాళీ ఎంత ఉండాలి? 8 మిల్లీమీటర్ల దూరం వరకు పసిగట్టే సెన్సార్ అయితే నాన్న 4, 5 మిల్లీమీటర్లు వదులుతారు. మరీ దగ్గరైతే పుల్లీ కాస్త అటూ ఇటూ కదిలినప్పుడు తగిలి పగులుతుంది. మరీ దూరమైతే కుదుపుల్లో కొన్ని ముక్కలను లెక్కపెట్టకుండా వదిలేస్తుంది. సెన్సార్‌ను రక్షణ జాలీకి బిగించకూడదు. బొగ్గు ఎత్తడానికి జాలీ ఊడదీసిన ప్రతిసారీ ఆ ఖాళీ మారిపోతుంది. కదలని ఫ్రేముకే బిగించాలి, రాలే బొగ్గు అందనంత ఎత్తులో. పాత చోట చేయాల్సిన పని ఇదేనట.

ఇంకో సంగతి. ఆగి ఉన్న బెల్టు పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టమని సెన్సార్‌కు టైమర్ పెట్టాలి. లేకపోతే మొదలైన బెల్టును మొదలైనట్టే ఆపేస్తుంది. రోజుకు పదిసార్లు అలా ఆపితే, పదకొండోసారి ఎవరో ఒకరు చిన్న వైరు ముక్కతో దాన్ని తప్పించేస్తారు.

అన్నీ అయ్యాక పరీక్ష. జాలీ తిరిగి బిగించి, బెల్టు నడుస్తుండగా సెన్సార్ తీగను బయటి పెట్టెలో విప్పుతారు. సంకేతాలు ఆగిపోతాయి. ఆ బెల్టు ఆగాలి, దాని మీదికి బొగ్గు పోసే వెనుక బెల్టులు కూడా ఆగాలి. అవి ఆగకపోతే ఆ బొగ్గంతా ఆగిన బెల్టు మీద గుట్ట పడుతుంది. ఎన్ని సెకన్లలో ఆగాయో నాన్న రిజిస్టరులో రాస్తారు.

ఇప్పుడు మీకు రెండు లెక్కలు. హెడ్ పుల్లీ వ్యాసం 1 మీటరు, నిమిషానికి 50 చుట్లు. టెయిల్ పుల్లీ వ్యాసం 0.5 మీటర్లు. టెయిల్ దగ్గర 85 చుట్లు చూపిస్తే బెల్టు ఎంత శాతం జారుతోంది? మరో రోజు అక్కడే 125 చూపించింది. మోటారు తిప్పినదానికంటే బెల్టు వేగంగా పోలేదు. మరి తప్పు ఎక్కడుంది? ఇనుప ముక్కలు నాలుగేనా, వాటి పక్కన పొడుచుకొచ్చిన బోల్టు ఏదైనా ఉందా అని ఒకసారి చూడండి.