ఆళ్ళగడ్డలో వైద్యము చేయబోవు మేనకోడలికి

నంద్యాల.



నీవు ఆళ్ళగడ్డలో వైద్యవృత్తి నారంభింపనున్నావని విని మిగుల సంతసించితిని. మందుల మోతాదులు నీ గ్రంథములు నాకంటె చక్కగ చెప్పును గావున, అచ్చటి రోగుల చేతులను ఎట్లు చూడవలయునో ఆ యొక్క సంగతియే వ్రాయుచున్నాను. దేహమంతట వ్యాపించు శోథవ్యాధులు కీళ్ళనొప్పి, జ్వరము, నీరసము అను సామాన్యవేషములతో వచ్చి, వైద్యుడు కీళ్ళనే చూచుచుండగా రక్తనాళములను మూసివేయుచుండును.

ఆళ్ళగడ్డ శిల్పుల ఊరు. ఉలిపనితోపాటు నేడు యంత్రములతో రాతిని కోయుటయు అరగదీయుటయు కలదు. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను చెఱచుటయే గాక, దేహరక్షణశక్తిని దేహముపైననే తిరుగబడజేయవచ్చును. రాతిపనివారియందు చర్మము బిగిసిపోవు స్క్లీరోడెర్మాను 1914 లో ఎడింబరో వైద్యుడు బ్రామ్‌వెల్ వర్ణించెను. 1957 లో ఎరాస్మస్ దక్షిణాఫ్రికా బంగారుగనుల కార్మికులయందు దానినే చూచెను. మన శిల్పులయందది విస్తారముగ నున్నదని నేననను; అడుగుటకు తగిన కారణమున్నదని మాత్రమే అందును. చన్నీళ్ళు తాకిన వ్రేళ్ళు తెల్లబాఱుచున్నవని యొకడు చెప్పినచో, అదరు యంత్రములను పట్టుటచేతను అట్లు కలుగునని యెఱిగియు, అంతటితో విడువక, వ్రేళ్ళు ఉబ్బి బిగిసినవేమో, కొనలయందు పుండ్లున్నవేమో, గోటిమొదళ్ళ సూక్ష్మనాళములు వికృతమైనవేమో భూతద్దముతో చూడుము. అట్టి రోగికి కీళ్ళనొప్పికని పెద్దమోతాదులో స్టెరాయిడు ఇచ్చినచో, మూత్రపిండముల ధమనులు ఇఱుకై, రక్తపోటు హఠాత్తుగ పెరిగి, కొలదిదినములలోనే కిడ్నీలు చెడు ప్రమాదము కలదు. అప్పుడు కాప్టోప్రిల్ వర్గపు మందును ఆలస్యము లేక ఆరంభించి పెద్దాసుపత్రికి పంపుము. ఆ మందులు రాకపూర్వము ఆ దశనుండి బ్రదికినవారు మిక్కిలి అరుదు.

ఇక పడుచుల మాట. తలతిరుగుచున్నదనియు, పనిచేయుచుండగా చేయి లాగుచున్నదనియు వచ్చినదానికి రక్తహీనతయని టానిక్కు వ్రాయుటకు ముందు, రెండు చేతుల నాడిని పట్టి చూడుము. 1908 లో జపాను నేత్రవైద్యుడు తకయాసు ఒక యువతి కంటిలోని వింత నాళబంధములను వివరింపగా, ఆ సభలోనే మఱి యిరువురు వైద్యులు తమ రోగులకు మణికట్టున నాడి యందకుండుటను తెలిపిరి. ధమనులను మూయు ఆ తకయాసు వ్యాధి మనదేశమున ఉదరములోని మహాధమనిని, మూత్రపిండధమనులను పట్టుట తఱచు గావున, చిన్నవయసున రక్తపోటే దాని మొదటి జాడ కావచ్చును. రెండుచేతుల రక్తపోటు పైసంఖ్యలకు 10 మి.మీ. మించిన భేదమున్నను, మెడయందో బొడ్డుకు పైననో స్టెతస్కోపులో హోరు వినవచ్చినను, అనుమానింపుము. రెండుచేతులును మూసుకొనిపోయినచో చేతిపోటు అబద్ధమాడును, కాలికి కట్టి చూడుము. ఈ వ్యాధికి మాత్రము స్టెరాయిడే ప్రాణాధారము. తోడుగ వాడు మెతొట్రెక్సేటు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల సంస్థలో నడపిన ఫోలికామ్ల పరిశోధనల ఫలము. అది వారమున కొకమాఱు మ్రింగవలసినది. దినదినము మ్రింగినచో విషము. వారములో ఏ దినమున మ్రింగవలెనో చీటిపై తెలుగున వ్రాయుము. గర్భిణికిని, గర్భము కోరుదానికిని ఇయ్యకుము.

2023 నుండి నంద్యాలలోనే ప్రభుత్వ వైద్యకళాశాల యున్నది. హైదరాబాదు నిమ్స్‌లో రుమటాలజీ విభాగము కలదు. పంపుటకు సంకోచింపవలదు. శిల్పులకు మాత్రము, రాతిని తడిపి కోయుడనియు, ముక్కుకు మంచి మాస్కు కట్టుడనియు, రోగము రాకముందే చెప్పుము. కొత్తరోగి చీటిపై వృత్తియేదో, రెండుచేతుల పోటెంతో వ్రాయనిదే మందుపేరు వ్రాయకుండుట నీ నియమమగుగాక.

ఇట్లు,
నీ శుభముకోరు మేనమామ.