కెంపెక్కిన ముఖము – కొన్ని మాటల విచారణ

సిగ్గుచేత ముఖము ఎర్రబడుటను తెలుపుటకు ఆంగ్లములో ఒకే క్రియాపదము ఉన్నది. తెలుగులో అట్టి ఒంటరి మాట లేదు. సిగ్గుపడెను అన్నచో మనస్సులోని భావము తెలియునే గాని చెక్కిళ్ల రంగు తెలియదు. రంగును కూడ చెప్పదలచినచో ‘సిగ్గుతో మోము కెంపెక్కినది’ అని మాటలు జోడింపవలసినదే. కెంపు ఎర్రని మణి. ఎరుపునకును అదే పేరు.

అయితే ఎరుపును తెలుపు మాటలన్నియు సిగ్గునకు చెల్లవు. జేవురు అనగా ఎర్రని ధాతువు. ముఖము జేవురించినదనగా కోపమే మొదట స్ఫురించును. కందుట ఎండకును, చెంపదెబ్బకును చెల్లును. మా విద్యార్థులెవరైన ‘పెండ్లికూతురి ముఖము జేవురించెను’ అని వ్రాసినచో ఆ పెండ్లి ఆగిపోయినదనియే చదువరి తలచును!

సంస్కృతమున అమరకోశము లజ్జ, వ్రీడ, త్రప, హ్రీ అను పేర్లతోపాటు మందాక్షము అను పదమును చెప్పినది. మందమైన చూపు, వాలిన కన్నులు అని దాని భావము. నాట్యశాస్త్రము వ్రీడను 33 వ్యభిచారి భావములలో చేర్చి, తలవంచుట, నేలపై గీతలు గీయుట, ఉంగరమును తడుముట, గోళ్లు గిల్లుకొనుట మున్నగు చేష్టలను పేర్కొన్నది. చెక్కిళ్ల ఎరుపు అందు లేదు. మన పూర్వులు సిగ్గును కన్నులయందును చేతులయందును చూచిరి కాబోలు.

1872లో డార్విన్ మనోభావముల ప్రకటనను గూర్చి వెలువరించిన గ్రంథములో 13వ అధ్యాయము ఈ ఎరుపును గూర్చినదే. ముఖమునందలి సన్నని రక్తనాళములు విప్పారి నెత్తురు హెచ్చుగ పారుటయే దీనికి కారణము. చామనచాయ వారియందును ఇది జరుగును. చూచువారికి అంతగ కానరాదు, అంతే.

ఇక ఉర్దూ సంగతి. షర్మ్ పారసీ పదము, హయా అరబ్బీ పదము, లాజ్ మన లజ్జయే. మిక్కిలి సిగ్గుపడినవాడు ఉర్దూలో ‘పానీ పానీ’ అగును, అనగా నీరైపోవును. ‘సిగ్గూ శరమూ లేదా’ అని మనుమని మందలించు తెలుగు అవ్వకు ఆ రెండవ మాట షర్మే అని తెలియదు. తెలియవలసిన పనియు లేదు. కాని అదే ఉర్దూలో సుర్ఖ్‌రూ అను మాట కలదు. సుర్ఖ్ అనగా ఎరుపు, రూ అనగా ముఖము. అర్థము మాత్రము సిగ్గుపడినవాడని కాదు. గౌరవము పొందినవాడు, కార్యము సాధించినవాడు అని. దానికి ఎదురుమాట రూసియాహ్, అనగా నల్లముఖము, అపకీర్తి పాలైనవాడు.

కొన్నేండ్ల క్రిందట ఉర్దూ మాధ్యమమునుండి వచ్చిన ఒక విద్యార్థి తన వ్యాసములో ‘మా అన్న పరీక్షలో నెగ్గి ఎర్రముఖముతో ఇంటికి వచ్చెను’ అని వ్రాసెను. మేము దానిని తరగతిలో పైకి చదివితిమి. అందరు నవ్విరి, మేమును నవ్వితిమి. నెగ్గినవానికి సిగ్గెందుకయ్యా అని అడిగితిమి కూడ. అతని ముఖమున మార్పేమియు కానరాలేదు. తేలికగ తీసుకొన్నాడనుకొంటిమి. గంట ముగిసిన పిమ్మట చూడగా, అతడు కూర్చున్న చోట బల్లపై గోటితో గీసిన గీతలుండెను.

సుర్ఖ్‌రూ మేము మా ఇంటిలో పసితనమునుండి విన్న మాట. పెద్దలు దీవించునపుడు వాడు మాట. అది మాకు తరగతిలో స్ఫురింపలేదు. తెలుగు గంటలో ఉర్దూ మాట ఎందుకుండునని మేమే తలుపు మూసికొంటిమి. మరునాడు ఆ పదమును అదే తరగతిలో విప్పి చెప్పి, తప్పు మాదని ఒప్పుకొంటిమి. వాక్యమును ‘తలయెత్తుకొని ఇంటికి వచ్చెను’ అని దిద్ది అతనికిచ్చితిమి. అతడు చదువుకొని, ‘బాగున్నది సార్, కాని ఇందులో రంగు లేదు’ అనెను.