ఒకే చిరునామా, రెండు తెరలు

పాఠశాల కాలపట్టిక ఒక్కటే. దానిని పెద్ద అట్టపై వ్రాసి కార్యాలయపు గోడకు తగిలింతుము. విద్యార్థి తన నోటుపుస్తకపు మొదటి పుటలో చిన్న గళ్లు గీసికొని, తన తరగతికి కావలసినంత మట్టునకు అందుండి ఎత్తి వ్రాసికొనును. రూపములు రెండైనను పట్టిక రెండు కాలేదు. సోమవారము మూడవ గంట పాఠము మారినచో రెండింటను మారవలసినదే.

వెబ్‌సైటు పుటలను సెల్‌ఫోనునకు అందించు విధానమును గ్రహించుటకు ఈ పోలిక చాలును. నేడు పరీక్షా ఫలితములు, సెలవు ప్రకటనలు, ఉపకారవేతనపు దరఖాస్తులు వెబ్‌సైట్లలోనే వెలువడుచున్నవి. వానిని చూడవలసిన తల్లిదండ్రులలో పలువురకు ఇంట కంప్యూటరు లేదు, ఫోను మాత్రము కలదు. పుట ఫోనులో సరిగా తెరచుకొననిచో గడువు దాటిపోవును, నష్టము బిడ్డది.

2000వ సంవత్సరమున రాయ్ ఫీల్డింగ్ అను నాతడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖకు సమర్పించిన పరిశోధన గ్రంథములో ‘రెస్ట్’ అను నిర్మాణ పద్ధతిని వివరించెను. అందలి ముఖ్యాంశ మిది: వెబ్ చిరునామా ఒక విషయమునకు పేరు, మన తెరపైకి వచ్చునది ఆ విషయముయొక్క ప్రతిరూపము. ఒకే విషయమునకు పలు ప్రతిరూపము లుండవచ్చును. బ్రౌజరు పుటను కోరునపుడే తనకు ఏ రూపము కావలెనో, ఏ భాష ఇష్టమో, తా నెవరో కొన్ని శీర్షిక పంక్తులలో తెలుపును. సర్వరు వానిని చూచి తగిన రూపమును పంపును.

ఈ సూత్రమును పాటింపక, తొలిరోజులలో పెక్కు సంస్థలు చిరునామాకు ముందు ‘ఎం’ అను అక్షరము చేర్చి ఫోనులకు వేరొక సైటు నడపినవి. ఇది గోడమీద నొక పట్టికయు, నోటుపుస్తకములో వేరొక పట్టికయు పెట్టుకొనుట వంటిది. ఒకదానిని సవరించినవారు రెండవదానిని మరతురు. ఫోను నుండి స్నేహితునకు పంపిన చిరునామా అతని కంప్యూటరులో వెడల్పు తెరపై సన్నని చీలికవలె తెరచుకొనును.

రూబీ ఆన్ రైల్స్ అను చట్రము 2007 జనవరిలో వెలువడిన 1.2 సంచికతో రెస్ట్ పద్ధతిని గట్టిగా చేపట్టెను. అదే యేట ఐఫోను వచ్చెను. ఇచట నొక చిక్కు కలదు. ఫోను బ్రౌజరును, కంప్యూటరు బ్రౌజరును కోరునది హెచ్‌టీఎంఎల్ రూపమునే. కోరికను బట్టి వానిని వేరుచేయుట కుదరదు. అందుచే ప్రోగ్రాము వ్రాయువారు ‘యూజర్ ఏజెంట్’ అను పంక్తిలోని పేరును చూచి, హెచ్‌టీఎంఎల్‌కే ఐఫోను అను మారుపేరు నమోదుచేసి, వేరు మూస నిచ్చెడివారు. 2014లో వచ్చిన రైల్స్ 4.1 ఈ పనికి ‘వేరియంట్’ అను సదుపాయమును కల్పించెను. చిరునామా ఒకటి, సమాచారము ఒకటి, మూసలు రెండు. కాని పేరును చూచి మనిషిని గుర్తించుట యెంత నమ్మదగినది? క్రొత్త ఫోనులు వచ్చినకొలది పేర్ల జాబితా పాతబడును. మార్గమధ్యమున పుటలను దాచియుంచు యంత్రములు కంప్యూటరు పుటను ఫోనునకు అందించు ప్రమాదమును కలదు. దానిని తప్పించుటకు ‘వేరీ’ అను పంక్తిని చేర్చి, ఈ పుట అడిగినవారిని బట్టి మారునని తెలుపవలెను.

2010లో ఈథన్ మార్కాట్ మరియొక త్రోవ చూపెను. ఒకే పుటను పంపి, తెర వెడల్పును బట్టి అందలి వరుసలను స్టైలుషీటుచే సర్దించుట ఆ త్రోవ. మన పాఠశాలల వంటి చిన్న సైట్లకు ఇదియే మేలని నా యభిప్రాయము. అరువది కాలములుగల ఫలితముల పట్టిక, బరువైన ఛాయాచిత్రములు ఉన్నచోట మాత్రము ఫోనునకు వేరు మూస అవసరము కావచ్చును. అట్టిచోట ‘పూర్తి పుట’ అను లింకు తప్పక ఉండవలెను. పాఠకునకు చిన్న తెర ఉన్నదని అతనికి చిన్న సమాచారమే చాలునని తలచుట మర్యాద కాదు.

భాష విషయము వేరు. తెలుగు ప్రకటన ఇంగ్లీషు ప్రకటనకు కుదించిన రూపము కాదు, వేరొక పాఠము. కావున దానికి వేరు చిరునామాయే యుక్తము. పైగా, బ్రౌజరు పంపు భాషా పంక్తి ఫోనులోని సెట్టింగును బట్టి యుండును. తెలుగు చదువు ఇండ్లలో సైతము అనేక ఫోనులు కొన్ననాటి ఇంగ్లీషు సెట్టింగుతోనే నడచుచున్నవి. అట్టి ఫోను ప్రతి పుటకును ఇంగ్లీషునే కోరుచుండును. ఆ యింట తెలుగు చదువరి యున్నట్లు సర్వరునకు తెలియదు. సెట్టింగులలో భాషల జాబితా తెరచి, తెలుగును మొదట నుంచినచో, ఆ పంక్తి నాటినుండి మారును. తెలుగు లింకు పుట తలభాగముననే, తెలుగు లిపిలోనే కనబడవలెనని సైటు కట్టువారిని తల్లిదండ్రులు అడుగవచ్చును.