పసరు పోయించుకునే ముందు

కళ్లు పచ్చబడితే మన డెల్టా ఊళ్లలో ఇప్పటికీ చాలామంది ముందు పసరు పోసే ఇంటికే దారి తీస్తారు. కుర్రవాళ్లకు వచ్చే కామెర్లు ఎక్కువగా వైరస్ వల్లే. కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకొస్తుంది. అరవై దాటిన మనిషికి నొప్పేమీ లేకుండా కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురదెత్తి, విరేచనం సున్నంలా తెల్లబడితే ఆ లెక్క వేరు. క్లోమంలోనో పిత్తనాళంలోనో పెరిగిన గడ్డ పైత్యరసానికి అడ్డుపడి ఉండొచ్చు. ఇలాంటివారికి పసరు పోయించకండి, వాతలు పెట్టించకండి, పథ్యమంటూ నెల గడపకండి. ఆ వారమే రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్ చేయించండి. అడ్డుపడింది గడ్డ కాదు, రాయి అని తేలితే మరీ మంచిది.

పసరులాగే తొందరపడి వాడేది దురద ట్యూబు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఈ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నాలుగు రోజులు రాస్తే మచ్చ రూపే మారిపోయి, డాక్టరుకు కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. ఒక్క చనుమొన మీదే తామరలా పొలుసులు లేచి రసి కారుతుంటే ఆ ట్యూబు జోలికి అసలు పోవద్దు. 1874లో జేమ్స్ పేజెట్ అనే డాక్టరు వివరించిన రొమ్ము క్యాన్సర్ లక్షణం అచ్చం ఇలాగే ఉంటుంది.

మెడ నల్లబడిందని బెంబేలు పడకండి. ఎక్కువమందికి అది బరువుకీ షుగరుకీ గుర్తు. షుగరు పరీక్ష చేయించుకోండి, పీచుతో తోమకండి. బక్కపలచని పెద్దమనిషికి కొద్ది నెలల్లోనే మెడ, చంకలు నల్లగా గరుకెక్కి, అరచేతులు మందమై, ఆకలి చచ్చిపోతే మాత్రం లోపల క్యాన్సర్ ఉందేమో చూడటానికి జీర్ణాశయానికి ఎండోస్కోపీ అవసరమేమో అడగండి.

కనురెప్పల మీద ఊదారంగు, పీట మీంచి లేవలేనంతగా తొడల్లో నీరసం కలిసి వస్తే కండరాలతోపాటు, క్యాన్సర్ ఉందేమోనని అండాశయాన్నీ ఊపిరితిత్తులనీ పరీక్షించాల్సి రావచ్చు. దద్దుర్లు లేని దురద, రాత్రి చెమటలు, మెడలో గడ్డలు లింఫోమా అనే క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు, క్షయలోనూ చెమటలు, గడ్డలు ఉంటాయి. మే నెల బెజవాడలో చెమట పట్టని రాత్రి ఎక్కడిది? డిసెంబరులోనూ దుప్పటి తడుస్తుంటే ఉపేక్షించకండి.

చర్మం మీద ఇలాంటి గుర్తులు కనిపిస్తే విజయవాడ ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల ఓపీకో, మంగళగిరి ఎయిమ్స్‌కో వెళ్లండి. మచ్చను పదిరోజులకోసారి ఫోనులో ఫొటో తీసిపెట్టుకోండి. వాడిన ట్యూబు సంచిలో వేసుకెళ్లండి. పసరు తాగి ఉంటే, తిడతారేమోనని దాచకుండా అదీ చెప్పండి.